ఊరికి తెలిసిందెంత? డంజన్ మాస్టర్స్ గైడ్ (2014) సమీక్ష

బల్ల చుట్టూ కూర్చొని, కథ చెప్పుకుంటూ పాచికలు వేసి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ కోసం 2014 డిసెంబరులో వెలువడిన డంజన్ మాస్టర్స్ గైడ్, ఆట నడిపించే డంజన్ మాస్టర్ కోసం రాసిన 320 పేజీల పుస్తకం. మాయా వస్తువుల జాబితాలు, నేలమాళిగల పటాలు, పరలోకాల వర్ణనలు అన్నీ కలిపి దానిని తూచినవారు ఇప్పటికే చాలామంది ఉన్నారు కనుక నేను ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. పార్టీ, అంటే ఆటగాళ్లు నడిపే క్యారెక్టర్ల గుంపు, మంచిగానో చెడ్డగానో ప్రవర్తించినప్పుడు, వారు అడుగుపెట్టిన ఊరు ఎలా స్పందించాలో ఈ పుస్తకం డంజన్ మాస్టర్‌కు నేర్పుతుందా? హైదరాబాద్‌లో ఆదివారాలు తెలుగులో ఆట నడుపుకొనే మా బృందంలో నియమాల మీద లేచే వాదనలు ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి. రాక్షసుణ్ణి చంపే లెక్క ఎవరైనా వేయగలరు. చంపి వచ్చిన రాత్రి పూటకూళ్లమ్మ తలుపు తీస్తుందా లేదా అన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సమాధానానికి కావలసిన సరుకు చాలావరకు ఈ పుస్తకంలో ఉంది, కానీ నాలుగైదు అధ్యాయాల్లో చెల్లాచెదురుగా ఉంది. ఊరికి క్యారెక్టర్ మనసు కనబడదని, దాని గురించి తనకు చేరిన కబురును బట్టే అది నడుచుకుంటుందని గుర్తుపెట్టుకొని చదివితే ఆ ముక్కలన్నీ ఒకదానికొకటి అతుకుతాయి. పుస్తకం ఆ మాటను ఎక్కడా సూటిగా అనదు. దాని ప్రధాన లోపం అదే.

క్యారెక్టర్ నైతిక స్వభావానికి ఆట వేసే ముద్ర అయిన అలైన్‌మెంట్ గురించి కొంత చెప్పుకోవాలి. 1974లో వచ్చిన మొదటి ఆటలో క్యారెక్టర్ నైతికతకు మూడే గడులు ఉండేవి: లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థత), కేయాస్ (అరాచకం). 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో అవి తొమ్మిదయ్యాయి. ఒక వరుసలో లాఫుల్, న్యూట్రల్, కయాటిక్ ఉంటే, రెండో వరుసలో గుడ్, న్యూట్రల్, ఈవిల్ ఉండేవి, ఒక్కో వరుస నుంచి ఒకటి జతచేస్తే ఒక అలైన్‌మెంట్. ఆ రోజుల్లో నైతికతను ఆట ప్రపంచంలో నేరుగా కనిపెట్టవచ్చు. ఒక్కో అలైన్‌మెంట్‌కు సొంత భాష ఉండేది, ఎదుటివాడి అలైన్‌మెంట్‌ను బయటపెట్టే మంత్రం ఉండేది, ఆ మంత్రం వచ్చిన పూజారి ఊళ్లో ఉంటే పొలిమేరలోనే అందరి గుట్టూ రట్టయ్యేది. 2003లో సవరించిన మూడో ఎడిషన్ గైడ్‌లోనైతే ఊరి అధికార కేంద్రానికి కూడా అలైన్‌మెంట్ తేల్చే పట్టిక ఒకటి ఉండేది. దానితో క్యారెక్టర్ గడినీ ఊరి గడినీ పక్కపక్కన పెట్టి, పాచిక కూడా వేయకుండానే స్వాగతమో ఛీత్కారమో తేల్చేసే సోమరితనానికి చాలామంది డంజన్ మాస్టర్లు అలవాటుపడ్డారు.

2014 ఎడిషన్ ఆ దారిని మూసేసింది. డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ అనే మంత్రం పేరులో రెండూ ఉన్నా, 30 అడుగుల లోపల దయ్యమో దేవదూతో బ్రతికొచ్చిన శవమో అలాంటి ప్రత్యేక జాతి ప్రాణి ఉంటే చెబుతుందే తప్ప, ఎదుట నిలబడ్డ మామూలు మనిషి దొంగా దొరా అన్నది దానికి అంతుపట్టదు. మా బృందంలో కొత్తగా చేరినవారు ఏదో ఒక రోజు ఈ గోడకు తగులుకుంటారు. "నా షీట్ల లాఫుల్ గుడ్ అని రాసుంది గదన్నా, మరి ఈ ఊరోళ్లు నన్ను గింత అనుమానంగ ఎందుకు సూస్తున్నరు?" అని అడుగుతారు. క్యారెక్టర్ వివరాలు రాసుకొనే ఆ షీటు ఊరివాళ్ల చేతికి ఇవ్వలేదు కాబట్టి. ఐదో ఎడిషన్ తీసుకున్న నిర్ణయాల్లో ఇది అత్యుత్తమమైనదని నా లెక్క. పాలడిన్ అనే ధర్మవీరుడు ఎంత పవిత్రుడైనా, అతను ఊళ్లోకి వచ్చింది నెత్తురు మరకల కవచంతో, వెనుక ఇద్దరు జేబుదొంగలతో కనుక, కాపలావాడు చేసే అంచనా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక ఈ పుస్తకం నేరుగా ఇచ్చే నియమాల్లోకి వస్తే, ఎనిమిదో అధ్యాయంలోని సామాజిక సంభాషణ భాగం అన్నిటికంటే విలువైనది. పార్టీ మాట్లాడబోయే ప్రతి ఎన్‌పీసీకి (డంజన్ మాస్టర్ ఆడించే పాత్రకు) మూడు వైఖరుల్లో ఒకటి ఉంటుంది: స్నేహం, ఉదాసీనత, వైరం. మాటలన్నీ అయ్యాక ఆటగాడు కరిజ్మా చెక్ వేస్తాడు, అంటే తన క్యారెక్టర్‌కు ఎదుటివారిని ఆకట్టుకొనే శక్తి ఎంతో పాచికతో పరీక్షిస్తాడు. 0, 10, 20 అనే మూడు మెట్లలో ఏది అందిందో చూసి, పక్కనే ఉన్న పట్టికలో ఫలితం చదువుకోవాలి. స్నేహంగా ఉన్నవాడు మన చెక్ 20కి చేరితే మన కోసం పెద్ద ప్రమాదానికే సిద్ధపడతాడు. ఉదాసీనుడు అదే 20కి చిన్నపాటి నష్టాన్ని భరిస్తాడు. వైరంతో ఉన్నవాడు మాత్రం 20 వచ్చినా, తనకు ఏ ఇబ్బందీ లేనంతవరకే అడిగిన పని చేస్తాడు.

ఈ పట్టిక చూడటానికి సాదాసీదాగా ఉంటుంది కానీ, నైతికతకు ఫలితం ఎక్కడ అనుభవంలోకి వస్తుందో సరిగ్గా అక్కడే అది పనిచేస్తుంది. ఊరి పెద్ద గడ్డివామి తగలబెట్టిన పార్టీ, ఆ తరువాత అదే పెద్ద ఇంట్లో తలదాచుకోవాలనుకుంటే, పాటగాడైన బార్డ్ నాలుక మీద సరస్వతి నాట్యమాడినా ప్రయోజనం లేదు, ఆ సాయం ఆ గడిలో లేదు. దుష్ప్రవర్తనకు దెబ్బ పాచిక మీద పడే బదులు పాచిక తెచ్చిపెట్టగల ఫలితం మీద పడుతుంది. మాటకారితనానికి ఇలా పైకప్పు కట్టడం నాకు ఎంతో నచ్చింది. 1981 నాటి బేసిక్ సెట్‌లో రెండు ఆరుముఖాల పాచికలు వేసి, 2 వస్తే వెంటనే దాడి, 12 వస్తే ఉత్సాహంగా స్నేహం అని తేల్చే పద్ధతి ఉండేది. అందులోని ఉత్కంఠ వేరు, ఒప్పుకుంటాను, కానీ అక్కడ ఊరి స్పందన చాలావరకు అదృష్టం చేతిలో ఉండేది, పార్టీ గతం చేతిలో ఉండేది కాదు.

మరి మొదటి వైఖరి ఎలా నిర్ణయించాలి? పుస్తకం ఆ పనిని డంజన్ మాస్టర్‌కు వదిలేసి ముందుకు సాగుతుంది. సంభాషణ నడుస్తుండగా ఎదుటివాడి ఆదర్శాన్నో బలహీనతనో తాకితే వైఖరి ఒక మెట్టు మెరుగుపడవచ్చని, అవమానిస్తే ఒక మెట్టు దిగవచ్చని, ఆ మార్పు తాత్కాలికమేనని చెబుతుంది. పార్టీ మూడు ఊళ్ల అవతల ఏం చేసి వచ్చిందో అది ఈ ఊరి తొలి వైఖరిని ఎలా మార్చాలో మాత్రం ఇక్కడ ఒక్క ముక్క లేదు. పట్టికకు ఇంత శ్రద్ధ పెట్టినవారు పట్టికలోకి వెళ్లే తలుపును మరచిపోవడం ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ తలుపు నిజానికి వేరే గదిలో ఉంది. ఆరో అధ్యాయంలో, సాహసాల మధ్య తీరిక రోజుల్లో ఏం చేయవచ్చో చెప్పే చోట, పుకార్లు నాటడం అనే చిన్న నియమం ఒకటి కనిపిస్తుంది. పల్లెలో అయితే రెండు ఆరుముఖాల పాచికలు వేసినన్ని రోజులు, పట్టణంలో నాలుగు పాచికలన్ని, నగరంలో ఆరు పాచికలన్ని రోజులు, రోజుకొక బంగారు నాణెం చొప్పున ఖర్చుపెట్టి కబురు వ్యాపింపజేయాలి. సగటున పల్లెకు 7 రోజులు, పట్టణానికి 14, నగరానికి 21 పడతాయన్నమాట. చివర 15 లక్ష్యంగా కరిజ్మా చెక్ నెగ్గితే, ఆ వ్యక్తి పట్ల గాని ఆ సంస్థ పట్ల గాని జనంలో ఉన్న సాధారణ వైఖరి ఒక మెట్టు స్నేహం వైపో వైరం వైపో జరుగుతుంది. ఓడితే ఆ పుకారు ఇక అక్కడ నిలవదు, మళ్లీ ప్రయత్నించినా లాభం ఉండదు. నియమం చివర, ఊరి సాధారణ వైఖరి మారినంత మాత్రాన ప్రతి మనిషీ మారడని, ఆ వ్యక్తితో స్వయంగా వ్యవహరించినవారు తమ అభిప్రాయం తమ దగ్గరే ఉంచుకుంటారని ఒక మాట ఉంది. పుస్తకం మొత్తంలో ఊరి మనస్తత్వాన్ని ఇంత చక్కగా పట్టుకున్న వాక్యం నాకు మరొకటి కనబడలేదు.

ఈ నియమం ఆటగాళ్ల కోసం రాసినది. నేను దాన్ని తిరగేసి వాడుకుంటాను. పార్టీ చేతిలో మోసపోయిన బట్టల వ్యాపారి కూడా పుకారు నాటగలడు, అతనికీ అదే సమయం పడుతుంది, అదే చెక్ ఉంటుంది. పార్టీ పాపం చేసిన రోజే ప్రపంచమంతా దానిని గ్రహించడం మానేసి, కబురు మనిషి నుంచి మనిషికి నడిచి వెళ్లడం మొదలవుతుంది. బేగంబజార్ హోల్‌సేల్ వరుసలో ఒక చిల్లర వ్యాపారి ఒకరికి బాకీ ఎగ్గొడితే చీకటి పడేలోపు ఆ వీధివీధికీ తెలుస్తుంది, అదే మనిషికి కొత్తపేటలో దుకాణదారు ఎప్పటిలాగే పలకరించి సరుకు కడతాడు. మా బృందంలో రోగ్ (దొంగ పాత్ర) ఆడే తమ్ముడికి ఇది బాగా ఒంటబట్టింది. ఏ ఘాతుకం తలపెట్టినా ముందు "ఎవడు సూసిండన్నా?" అని అడుగుతాడు. నవ్వుతాం గాని, డంజన్ మాస్టర్ ప్రతి ఊరి విషయంలో వేసుకోవలసిన మొదటి ప్రశ్న అదే.

మొదటి అధ్యాయంలోని రినౌన్ (పేరుప్రతిష్ఠ) వ్యవస్థ దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక సంస్థ ప్రయోజనాలకు తోడ్పడితే 1, అది అప్పగించిన పని పూర్తిచేస్తే 2 చొప్పున పేరు పెరుగుతుంది, పెరిగేకొద్దీ హోదా, సాయం దక్కుతాయి. కొద్ది మార్పులతో ఇదే కొలతను దేవుడి పట్ల భక్తికి కూడా వాడుకోవచ్చని పుస్తకం సూచించడం బాగుంది. సంస్థకు ద్రోహం చేస్తే పేరు తగ్గుతుంది, ఎంత తగ్గాలన్నది డంజన్ మాస్టర్ ఇష్టం. ఇంతవరకు సరే. అయితే ఆ పేరు సున్నా కన్నా కిందికి ఎన్నటికీ దిగదు. అంటే గుడి ధర్మకర్తను పొడిచిన క్యారెక్టరూ, ఆ గుడి ముఖమే చూడని క్యారెక్టరూ ఈ లెక్క ప్రకారం ఒకటే. మంచిపేరుకు నిచ్చెన ఉండి చెడ్డపేరుకు మెట్టయినా లేకపోతే, నైతికత విషయంలో సగం ఆట బయటే ఉండిపోయినట్టు. దీనికి పోటీగా ఉన్న ఇతర ఆటలు తరువాత దీన్ని గుర్తించాయి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌కు 2020లో వచ్చిన గేమ్‌మాస్టరీ గైడ్ పరపతిని మైనస్ 50 నుంచి 50 దాకా కొలుస్తుంది. దొంగల ముఠాల ఆట అయిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో ప్రతి వర్గంతో సంబంధం మైనస్ 3 నుంచి 3 దాకా ఉంటుంది.

నాలుగో అధ్యాయంలో ఐచ్ఛికంగా ఇచ్చిన విశ్వాస నియమం ఈ లోటును కొంత పూడుస్తుంది, కానీ అది పార్టీతో పాటు నడిచే ఎన్‌పీసీలకే వర్తిస్తుంది. పార్టీలో అందరికన్నా ఎక్కువ కరిజ్మా ఎంతో విశ్వాసానికి గరిష్ఠం అంత, మొదలయ్యేది అందులో సగం దగ్గర. పార్టీ ఆ ఎన్‌పీసీ అలైన్‌మెంట్‌కు విరుద్ధంగా ప్రవర్తిస్తే ఒక నాలుగుముఖాల పాచిక మేరకు, స్వార్థం కోసం అతణ్ణి మోసగించినా ప్రమాదంలోకి నెట్టినా రెండు పాచికల మేరకు తరుగుతుంది. సున్నాకు చేరాక అతను పార్టీ మేలు చూడటం మానేస్తాడు. దీనిలోని సూక్ష్మం గమనించాలి: ఇక్కడ తూకం వేసేది ఎన్‌పీసీ నైతికత. క్యారెక్టర్ తన షీట్ మీద ఏం రాసుకున్నాడన్నది ఇక్కడా లెక్కలోకి రాదు. కూలికి వచ్చిన లాంతరు కుర్రాడు దయగలవాడైతే బందీని హింసించడం చూసి పార్టీని వదిలిపోతాడు, కరుడుగట్టినవాడైతే ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు.

ఊళ్లను నిర్మించే అయిదో అధ్యాయం వేగంగా పని జరిపించే రకం. సుమారు వెయ్యి మంది దాకా పల్లె, 6,000 దాకా పట్టణం, 25,000 దాకా నగరం అన్న కొలతలు మొదటి అధ్యాయంలోనే వచ్చేస్తాయి, ఇక్కడ పాలకుడి స్థితి, ఊరి ప్రత్యేకత, ప్రస్తుత విపత్తు వంటివి తేల్చే పాచిక పట్టికలు ఉన్నాయి. పాలకుడు న్యాయవంతుడో, జనాన్ని వణికించే నియంతో ఒక్క పాచికతో తేలిపోతుంది. ఇక్కడ నాకు తట్టిన చిక్కు ఏమిటంటే, ఊరు ఒక్క మనిషిలా స్పందించదు, ఈ పట్టికలు ఊరినీ దాని స్పందననూ కలిపి ఆలోచించవు. మా ఆటలో మూడు వేల జనాభా ఉన్న పట్టణంలో పార్టీ సుంకం గేటు ఖజానాను కొల్లగొట్టి సగం నేతగాళ్ల వీధికి పంచింది. పాలకుడి భటులకు వాళ్లు బందిపోట్లయ్యారు. నేతగాళ్లకు వాళ్లు ఇంటి బిడ్డలయ్యారు, అలివేలమ్మ అనే ముసలి ఎన్‌పీసీ అయితే వాళ్లను "కొడుకులారా" అని తప్ప పిలవలేదు. ఆసక్తికరమైన మలుపు వ్యాపారుల వల్ల వచ్చింది. సుంకాన్ని మనసారా ద్వేషించినవాళ్లే అయినా, దోపిడీ తరువాత గేటు మూసేసినందుకు సరుకు కుళ్లిపోయి పార్టీ మీద పగబట్టారు. లాఫుల్ గుడ్ పాలడిన్‌కు ఇది మింగుడుపడలేదు, తాను చేసింది మంచిపని కదా అని చివరిదాకా వాదించాడు. పని మంచిదే, దాని ఖర్చు ఎవరి మీద పడిందో వాళ్లు దానిని మంచిగా చూడలేదు, అంతే. పాలక వర్గం, కులవృత్తులు, బజారు, గుడి, కాపలా అని ఊరిని నాలుగైదు చెవులుగా విడగొట్టుకోమని ఈ అధ్యాయంలో ఒక్క పేరా ఉండి ఉంటే కొత్త డంజన్ మాస్టర్లకు ఎంతో మేలు జరిగేది.

ఆటగాళ్ల కోసం వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని నేపథ్యాలను (క్యారెక్టర్ పూర్వజీవితాలను) కూడా పక్కన పెట్టుకొని చదవాలి, లేకపోతే ఈ గైడ్ సగమే అర్థమవుతుంది. జానపద వీరుడి నేపథ్యం ఉన్న క్యారెక్టర్‌కు సామాన్యులు చోటిస్తారు, అధికారుల నుంచి దాచిపెడతారు, ప్రాణాలకు మాత్రం తెగించరు. సముద్రపు దొంగ నేపథ్యంలోనైతే జనం భయపడతారు కనుక, తిన్నదానికి డబ్బు కట్టకపోవడం వంటి చిన్న నేరాలు ఎవరూ ఫిర్యాదు చేయకుండా సాగిపోతాయి. ఆటగాళ్లు ఈ రెండోదాన్ని వరంగా చూస్తారు. నేను దాన్ని అప్పుగా రాసుకుంటాను. భయంతో నోరుమూసుకున్న పూటకూళ్లమ్మ వైఖరి పట్టికలో వైరం కిందే ఉంటుంది, భటులు పై ఊరి నుంచి బలగంతో దిగిన రోజున ఆమె ఏ వైపు చూపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

2024లో వచ్చిన కొత్త పుస్తకాలతో పోల్చకుండా ఇప్పుడు ఎవరికీ కొనమని చెప్పలేం. కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో నేపథ్యాలకు ఇలాంటి సామాజిక సౌలభ్యాలు తీసేశారు, నాకు అది నష్టంగానే అనిపించింది. ఎదుటివాణ్ణి ఒప్పించడం ఒక చర్యగా మారింది. అడిగింది అతని కోరికకు సరిపోతే చెక్ అక్కర్లేదు, అతనికి రోత పుట్టించేదైనా అతని అలైన్‌మెంట్‌కు విరుద్ధమైనా అసలు ఒప్పుకోడు, తటపటాయిస్తుంటే 15 గాని అతని ఇంటెలిజెన్స్ స్కోరు గాని ఏది ఎక్కువైతే దాన్ని అందుకోవాలి. ఓడితే అదే పద్ధతిలో మళ్లీ అడగడానికి మామూలుగా 24 గంటలు ఆగాలి. స్నేహితుడైతే చెక్‌కు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం), శత్రువైతే డిస్అడ్వాంటేజ్ (చిన్నది తీసుకోవడం). ఆట మధ్యలో వాడటానికి ఇదే వేగంగా ఉంటుంది. పాత పట్టికలో స్నేహానికీ వైరానికీ మధ్య దొరికే సాయంలోనే ఉన్న తేడా ఇక్కడ పాచికలోని తేడాగా కుదించుకుపోయింది కనుక, ఊరి పగను ఆటగాడికి తెలియజెప్పడంలో 2014 పుస్తకానికే నా ఓటు.

తెలుగులో ఆడేవారికి ఒక సూచన. పుస్తకం ఇంగ్లీషులోనే చదవాలి, భాష బరువుగా ఉండదు, పట్టికలు తప్ప మిగతాది కథలా సాగుతుంది. డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికే ఎస్ఆర్‌డీతో (ఆట మౌలిక నియమాల పాఠంతో) సరిపెట్టుకుందామనుకునేవారు, 2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదలైన ఆ పాఠంలో నేను పైన మెచ్చుకున్న వైఖరి పట్టిక, పుకార్ల నియమం రెండూ లేవని గమనించాలి. వాటి కోసమే అయితే మొత్తం పుస్తకం కొనడం కన్నా, ఇప్పటికే కొన్న మిత్రుడి దగ్గర ఆరు, ఎనిమిది అధ్యాయాలు చదివి, ఒక్కో ఊరికి ఒక్కో కాగితం పెట్టుకొని, ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు, ఇప్పుడు వాళ్ల వైఖరి ఏమిటి అన్న మూడు గడులు గీసుకుంటే మా బల్ల దగ్గర సరిపోతోంది. పార్టీ మొత్తం దుర్మార్గులుగానే ఆడాలని నిశ్చయించుకున్న బృందాలకు మాత్రం ఈ పుస్తకాన్ని నేను సిఫారసు చేయను. వారికి 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ మేలు, ఎందుకంటే అక్కడ నేరాలు చేసేకొద్దీ పార్టీ మీద వేడి పెరిగి, పట్టిక నిండగానే వెదుకులాట స్థాయి ఒక మెట్టు ఎక్కుతుంది, అది దిగాలంటే ముఠా మనిషో, మిత్రుడో, ఇరికించిన శత్రువో ఎవరో ఒకరు జైలుకు పోవాలి.